దోమ పుట్టింటి సంగతి

దోహాలో మేముండే పేట పేరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్. 2014లో హమద్ విమానాశ్రయం మొదలయ్యాక పాతది నిజంగానే పాతదైపోయింది కాబట్టి పేరు ఇప్పుడు అతికినట్టు సరిపోయింది. ఇక్కడి పాత అపార్ట్‌మెంట్లలో ఎండాకాలం ప్రతి బాల్కనీలోనూ ఒక బకెట్టు కనిపిస్తుంది. దాంట్లోకి ఏసీ గొట్టం, గొట్టంలోంచి రాత్రీ పగలూ బొట్టు బొట్టుగా నీళ్ళు. ఏడాది మొత్తానికి ఎనిమిది సెంటీమీటర్ల వాన పడడమే గొప్ప అనుకునే ఊళ్ళో ఆ నీళ్ళు పారబొయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? మా ఆవిడ వాటిని తులసి మొక్కకి పోస్తుంది.

ఆ మధ్య ఒకరోజు ఆ బకెట్టులో పురుగులు కనబడ్డాయి. నీటి పైపొరకి తలకిందులుగా వేళ్ళాడుతూ, బకెట్టు కదిపితే చాలు, వంకర్లు తిరుగుతూ అడుక్కి పారిపోయే సన్నటి పురుగులు. దోమ లార్వాలు. ఎడారిలో, పదో అంతస్తులో, మా ఇంట్లో! పారబోసి, బకెట్టు తోమి బోర్లించాను. అక్కడితో మర్చిపోవలసిన విషయమే. కానీ నాకు మా ఊళ్ళో ఉన్న నీలం డ్రమ్ము గుర్తొచ్చింది.

ఆ డ్రమ్ము కొన్నది నేనే. మా ఊరు గోదావరికి దగ్గరే అయినా కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. అమ్మా నాన్నగారూ బిందెలు మోసుకోలేక అవస్థ పడుతున్నారని ఇక్కడినుంచే ఆన్‌లైన్లో రెండు వందల లీటర్ల డ్రమ్ము ఆర్డరు చేశాను. మూత సరిగా బిగిసేది కాదు. "ఫరవాలేదులే, పైన పళ్ళెం పెడతాను" అంది అమ్మ. 2024 అక్టోబరులో నాన్నగారికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు ఎన్నో కనుక్కోవడానికి రోజుకి నాలుగుసార్లు ఫోన్లు. ఐదో రోజుకి టిక్కెట్టు దొరికి నేను వెళ్ళేటప్పటికి గండం గడిచింది. ఇంటికొచ్చాక పెరట్లోకి వెళ్ళి చూస్తే డ్రమ్ములో ఇవే పురుగులు, వందల కొద్దీ. నాన్నగారిని కుట్టిన దోమ అందులోంచే వచ్చిందని నేను రుజువు చెయ్యలేను. రాలేదని కూడా చెయ్యలేను.

మనవాళ్ళకి ఒక అలవాటు ఉంది కదా, ఏది పాడైనా మూలకారణం వెతకడం. నేనూ అదే పని మొదలుపెట్టాను. దోమల గురించి చదువుతూ పోతే నేను అనుకోని చోటికి తేలాను. దోమ ఎక్కడ పుట్టిందీ, అక్కడ ఏం తిందీ, ఎంత ఇరుకులో పెరిగిందీ అన్న వాటిమీద అది పెద్దయ్యాక వైరస్‌ని ఎంత బాగా మొయ్యగలదు అన్నది కూడా కొంత ఆధారపడుతుందిట. ఈ సంగతి శాస్త్రజ్ఞులకి కొత్తేమీ కాదు. కానీ మనం దోమలతో చేసే యుద్ధంలో ఇది లెక్కలోకే రావడం లేదు. నా అభియోగం అదే.

బేగంపేటలో ఒక సీసా

ఈ కథకి మొదలు కూడా మరో పాత విమానాశ్రయం పక్కనే ఉంది. హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయం దగ్గర రోనాల్డ్ రాస్ పేరున్న పాత భవనాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు, కనీసం దాని ముందునుంచి వెళ్ళి ఉంటారు. 1897 ఆగస్టు 20న ఈ సికింద్రాబాదు ప్రాంతంలోనే రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దానికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

అంతకు ముందు రెండేళ్ళు ఆయన దోమల్ని కోసి చూస్తూనే ఉన్నాడు, ఏమీ కనిపించలేదు. కారణం ఏమిటంటే అవన్నీ వేరే రకం దోమలు. చివరికి ఆయన మనుషులు ఒక సీసాలో లార్వాలు పట్టుకొచ్చారు. వాటిలోంచి రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు పుట్టాయి. అవి ఎనాఫిలిస్ దోమలు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టినందుకు దోమకి ఒక అణా చొప్పున అతనికిచ్చి, ఆ దోమల్ని కోసి చూశాడు. అప్పుడు దొరికింది.

అంటే ఆ సీసా లేకపోతే ఆ రోజు లేదు. "ఏ జాతి దోమ?" అన్న ప్రశ్నకి రాస్ జవాబు చెప్పాడు. ఆ తర్వాతి ప్రశ్న ఇంకా సన్నది: ఒకే జాతి దోమలు, కానీ రెండు వేర్వేరు సీసాల్లో పెరిగినవి, రెండూ ఒక్కలాగే రోగాన్ని మోస్తాయా?

రెండు గోడలు

జవాబు చూసేముందు వైరస్ దోమలో చేసే ప్రయాణం ఒకసారి చూద్దాం. దోమ లార్వాకి సాధారణంగా డెంగీ ఉండదు. రెక్కలొచ్చిన ఆడదోమ జబ్బు మనిషిని కుట్టినప్పుడు రక్తంతోపాటు వైరస్ దాని కడుపులోకి వెళుతుంది. అక్కడ పేగు గోడ కణాల్లో అది పెరగాలి. తరవాత ఆ గోడ దాటి ఒంట్లోకి పాకాలి. ఆ పైన లాలాజల గ్రంథుల్లో ప్రవేశించాలి. అప్పుడే తర్వాత కుట్టిన మనిషికి ఎక్కుతుంది. దీనికంతకీ డెంగీ విషయంలో 8 నుంచి 12 రోజులు పడుతుంది. చాలా దోమల్లో వైరస్ ఏదో ఒక గోడ దగ్గర ఆగిపోతుంది. మన భాషలో చెప్పాలంటే రెండు ఫైర్‌వాల్స్. వాటిని దాటనిచ్చే గుణాన్ని "మోసే సత్తా" అందాం.

ఈ ఫైర్‌వాల్స్ ఎంత గట్టివన్నది కొంత దోమ జన్యువుల్ని బట్టి ఉంటుంది, కొంత వైరస్‌ని బట్టి ఉంటుంది. వైరస్ వైపు ఏం జరుగుతుందో మనం కళ్ళారా చూశాం. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన చికున్‌గున్యా 2006లో దేశమంతా పాకి, 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఆ రోజుల్లో ఇంటికి ఫోను చేస్తే కీళ్ళనొప్పులు లేని బంధువు ఉండేవాడు కాదు. అదే సమయంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఆ వైరస్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారి, ఈడిస్ ఆల్బోపిక్టస్ అనే దోమకి అది బాగా ఒంటబట్టింది. 2007లో కేరళలోనూ ఆ మార్పు కనిపించింది. చికున్‌గున్యా మనకి కొత్త కూడా కాదు. 1965లోనే విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలలో వచ్చి వెళ్ళింది.

జన్యువులూ వైరసూ కాక మూడోది ఉంది. దోమ పెరిగిన నీళ్ళు. ఆ గోడలు తయారయ్యేది అక్కడే. సాఫ్ట్‌వేర్ మనుషులకి ఇది ఇట్టే అర్థమవుతుంది. సోర్స్ కోడ్ ఒకటే అయినా ఏ మెషీన్ మీద, ఏ సెట్టింగులతో బిల్డ్ చేశామన్నదాన్ని బట్టి ప్రోగ్రాం తీరు మారుతుంది. రన్ అవుతున్నప్పుడు ఎంత తొంగిచూసినా ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

ఆకలి, ఇరుకు, చలి, మురికి

ప్రయోగాలు ఏమంటున్నాయో చూద్దాం. అమెరికాలో చెట్టు తొర్రల్లోనూ పాత టైర్లలోనూ పెరిగే ఈడిస్ ట్రైసీరియేటస్ అనే దోమ ఉంది. పిల్లలకి మెదడువాపు తెచ్చే లా క్రాస్ వైరస్‌ని మోసేది ఇదే. 1984లో గ్రిమ్‌స్టాడ్, హరామిస్ ఈ దోమ లార్వాలకి తిండి తగ్గించి పెంచారు. పెద్దయ్యాక అవి చిన్నగా, బక్కగా ఉన్నాయి. బక్కవి కదా, వైరస్‌ని అంతగా మొయ్యలేవనుకుంటాం. జరిగింది తలకిందులు. తిండి చాలక పెరిగిన దోమలే వైరస్‌ని ఎక్కువగా అంటించాయి. 1991లో గ్రిమ్‌స్టాడ్, వాకర్ కారణం వెతికితే ఆకలితో పెరిగిన దోమల్లో పేగు గోడ పునాది పొర పలచబడి ఉందని తేలింది. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు తగ్గించినట్టే.

తరవాత ఇరుకు. 2008లో ఫ్లోరిడాకి చెందిన బ్యారీ ఆల్టో, ఫిలిప్ లౌనిబోస్ బృందం డెంగీ వైరస్‌తో ప్రయోగం చేసింది. ఒకే పాత్రలో లార్వాల సంఖ్య రెట్టింపు చేస్తే, అందులోంచి వచ్చిన ఈడిస్ ఆల్బోపిక్టస్ దోమల్లో వైరస్ ఒళ్ళంతా పాకినవాటి పాలు 60 శాతానికి పైగా పెరిగింది. ఇరుకులో కొట్టుకుంటూ పెరిగిన దోమ వైరస్‌కి తలుపులు బార్లా తీసిందన్నమాట. అయితే అదే ప్రయోగంలో ఈడిస్ ఈజిప్టై మీద ఆ ప్రభావం అంతలా కనబడలేదు. ఇది మర్చిపోకూడదు, మళ్ళీ దీనికి వస్తాను.

మూడోది నీటి వేడి. 2010లో వెస్ట్‌బ్రూక్ తదితరుల ప్రయోగంలో 18 డిగ్రీల దగ్గర పెరిగిన ఆల్బోపిక్టస్ లార్వాలు దోమలయ్యాక, 32 డిగ్రీల దగ్గర పెరిగినవాటి కంటే చికున్‌గున్యా సోకడానికి సుమారు ఆరు రెట్లు ఎక్కువ అవకాశం ఉన్నట్టు తేలింది. అంతకు ముందు 1993లో ట్యూరెల్ మరో దోమ మీద రిఫ్ట్ వ్యాలీ జ్వరం వైరస్‌తో ఇలాంటి ఫలితమే చూశాడు. ఇది చదివినప్పుడు నాకు మా బాల్కనీ గుర్తొచ్చింది. ఎండాకాలంలో దోహాలో ఆరుబయట ఎండకి కాగే గిన్నెలో లార్వాలు బతకడం కష్టం. అవి బతికేది నీడలో, ఏసీ గొట్టం కింద, చల్లటి నీళ్ళలో. ఎడారిలో మనమే దోమకి చల్లటి పుట్టిల్లు కట్టి ఇస్తున్నాం. పైగా ఏసీ నీళ్ళు దాదాపు డిస్టిల్డ్ వాటరు. గాలికి పడ్డ దుమ్మూ, రాలిన తులసాకూ తప్ప అందులో తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. చలి, ఆకలి రెండూ ఒకేచోట! బాల్కనీ బకెట్ల మీద ఎవరో ప్రయోగం చేశారని నేను చెప్పడం లేదు. పైన చెప్పిన రెండు ప్రయోగాలూ కలిపి చదివితే నాకు తట్టిన అనుమానం ఇది.

నాలుగోది నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు. 2017లో లారా డిక్సన్, లూయీ లాంబ్రెక్ట్స్ బృందం గాబన్ దేశంలో అడవిలోని గుంటల్లోనూ ఊళ్ళోని పాత్రల్లోనూ పెరిగే ఈడిస్ ఈజిప్టై లార్వాల నీళ్ళలో బాక్టీరియాని పరిశీలించింది. తరవాత లార్వాల్ని వేరువేరు బాక్టీరియాతో పెంచి చూస్తే, పెద్దయ్యాక వాటి ఒంట్లో డెంగీ వైరస్ పాకే తీరులో తేడా వచ్చింది. లార్వా దశ ముగిసి, ప్యూపా అయి, రెక్కలొచ్చి ఎగిరిపోయాక కూడా చిన్నప్పటి నీళ్ళ ప్రభావం దోమని వదల్లేదు.

కుట్టేది ఆడదోమే కదా. ఆడపిల్ల అత్తారింటికి వస్తూ పుట్టింటినుంచి సారె తెచ్చుకున్నట్టు, ఇదీ తన పుట్టింటి నీళ్ళనుంచి ఏదో ఒకటి తెచ్చుకుంటోంది. మనం ఆ సారె మూట విప్పి చూడడం లేదు.

లెక్క ఎటు మొగ్గుతుంది?

ఇక్కడ తెలివైన పాఠకుడికి ఒక సందేహం రావాలి. ఆకలితో పెరిగిన బక్క దోమ ఎక్కువ రోజులు బతకదు కదా? వైరస్ ఒళ్ళంతా పాకేలోపు అదే చస్తే ఇక భయమేమిటి?

మంచి సందేహం. దీనికి ఒక సూత్రం ఉంది. రాస్ మొదలుపెట్టిన గణితాన్ని 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ పూర్తి చేశాడు. అందులో మనకి కావలసిన ముక్క ఇది. దోమ ఒక రోజు బతికి ఉండే సంభావ్యత తీసుకోండి. దాన్ని వైరస్ పాకడానికి పట్టే రోజుల ఘాతానికి పెంచండి. ఆ వచ్చినదాన్ని, అదే సంభావ్యత సహజ సంవర్గమానంతో, రుణ గుర్తు తీసేసి భాగించండి. దాన్ని మోసే సత్తాతో గుణించండి. దోమల సంఖ్య, అవి ఎన్నిసార్లు కుడతాయి అన్నవి కూడా సూత్రంలో ఉన్నాయి కానీ ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఉదాహరణకి కొన్ని అంకెలు నేనే అనుకుని వేస్తాను. వైరస్‌కి 10 రోజులు. బాగా తిని పెరిగిన దోమ రోజువారీ బతికే సంభావ్యత 0.90, మోసే సత్తా 1 అనుకుందాం. ఫలితం 3.31. ఇరుకులో పెరిగిన దోమకి మోసే సత్తా 1.6, బతికే సంభావ్యత 0.85 అనుకుంటే ఫలితం 1.94. అంటే బక్క దోమే మేలు. సరే, ఆ 0.85ని 0.88 చేసి చూడండి. ఫలితం 3.49. ఇప్పుడు బక్క దోమే ప్రమాదం! సంభావ్యతలో 0.03 తేడాకి తీర్పు తారుమారైంది.

ఘాతం ఉన్నచోట ఇంతే. కొంచెం తప్పు కొలిచినా మొత్తం జవాబు మారిపోతుంది. మరి ఆ 0.85, 0.88 మన ఊళ్ళలో, మన డ్రమ్ముల్లో, మన బకెట్లలో నిజంగా ఎంత? దానికి తగ్గ కొలతలు మామూలు సర్వేల్లో తీసుకోరు.

అవునా కాదా అంటే సరిపోదు

ఇప్పుడు అసలు ఫిర్యాదుకి వస్తాను. ఈడిస్ దోమల్ని అంచనా వెయ్యడానికి ప్రపంచమంతా వాడే కొలమానాలు మూడు. నూరిళ్ళలో ఎన్నింట లార్వాలున్నాయి అన్నది హౌస్ ఇండెక్స్. నీళ్ళున్న నూరు పాత్రల్లో ఎన్నింట ఉన్నాయి అన్నది కంటైనర్ ఇండెక్స్. నూరిళ్ళకి లార్వాలున్న పాత్రలు ఎన్ని అన్నది బ్రెటో ఇండెక్స్. మూడింట్లోనూ అడిగేది ఒకటే: పాత్రలో లార్వా ఉందా, లేదా? మా అమ్మ డ్రమ్ములో వందలున్నా, మా బకెట్టులో ఐదున్నా రెండింటికీ ఒకటే టిక్కు. చల్లటి నీళ్ళా, వేడి నీళ్ళా? తిండి ఉందా, లేదా? మందు వేశారా, ఎన్నాళ్ళయింది? ఇవేవీ ఆ అంకెల్లోకి రావు. ఒక ప్రోగ్రాంలో బగ్గులు ఉన్నాయా లేవా అని మాత్రమే నమోదు చేసే కంపెనీలో మీరెవరైనా పనిచేస్తారా?

ఇంత చెబితే ఒక ప్రమాదం కూడా ఉంది. "అయితే ఇరుకు తగ్గిద్దాం, సగం లార్వాల్ని చంపుదాం" అనుకుంటే అంతకంటే పొరపాటు లేదు. 1984లోనే ఆగుడెలో-సిల్వా, స్పీల్‌మన్ అనే ఇద్దరు లార్వాల్ని కొంత భాగం తీసేస్తే ఏమవుతుందో చూశారు. మిగిలినవాటికి తిండి బాగా దొరికి, దోమలు తగ్గకపోగా పెరగనూ వచ్చని తేలింది. మా ఇంట్లో సరిగ్గా అదే జరుగుతూ వచ్చింది. అమ్మ రోజూ పై నీళ్ళు ముంచుకునేది, అడుగు నీళ్ళు ఎప్పుడూ ఖాళీ అయ్యేవి కావు. కొన్ని లార్వాలు చెంబుతో బయటికి వెళ్ళిపోయేవి, మిగిలినవి హాయిగా పెరిగేవి. పైగా ఈడిస్ గుడ్లు పెట్టేది నీళ్ళలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన, పాత్ర గోడకి. ఎండిపోయినా నెలల తరబడి అవి చావవు. మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అంచేత డ్రమ్ము ఒట్టినే వంచి నింపినా లాభం లేదు. గోడలు పీచుతో రుద్ది తోమాలి.

మందు సంగతీ అంతే. డ్రమ్ముల్లో వేసే టెమెఫాస్ గుళికలు సరైన మోతాదులో ఉంటే లార్వాల్ని చంపుతాయి. మరి రోజు విడిచి రోజు నీళ్ళు తోడి మళ్ళీ నింపే డ్రమ్ములో ఆ మోతాదు ఎన్నాళ్ళు నిలుస్తుంది? 2011లో మ్యుటూరి, ఆల్టో ఇంకో మందు మలాథియాన్‌ని చంపనంత తక్కువ మోతాదులో ఈడిస్ ఈజిప్టై లార్వాలకి ఇచ్చి చూశారు. బతికి బయటపడ్డ దోమల్లో వైరస్‌ని మోసే తీరే మారింది, అది కూడా నీటి వేడిని బట్టి. అరకొర మందు వట్టి దండగ మాత్రమే అనుకుంటాం. అంతకంటే చెడ్డది కూడా కావచ్చు.

ఇక పొగ. వీధిలో పొగ బండి వచ్చిందంటే జనానికి ధైర్యం వస్తుంది, ఏదో చేస్తున్నారనిపిస్తుంది. ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, నిజమే. కేసులు మీదపడ్డప్పుడు దాని ఉపయోగం దానికుంది. కానీ డ్రమ్ము లోపలికి పొగ వెళ్ళదు. వారం పది రోజుల్లో కొత్త బ్యాచి తయారు. ప్రొడక్షన్లో సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ మూసేసినట్టే.

మరి ఎదుటి వాదన?

నాకు నేనే కొన్ని అభ్యంతరాలు చెప్పుకుంటాను. మొదటిది, ప్రయోగశాల ఫలితాలు ఒకే మాట చెప్పడం లేదు. ఇరుకు ఆల్బోపిక్టస్ మీద చూపినంత ప్రభావం ఈజిప్టై మీద చూపలేదని పైన చెప్పాను. 1998లో థాయిలాండులో ఈజిప్టైని పరీక్షిస్తే, పెద్ద సైజు దోమలకే డెంగీ వైరస్ ఎక్కువగా సోకింది. అంటే సగం ప్రయోగాలు చూసి "బక్క దోమే విలన్" అని తీర్పు చెప్పకూడదు. ఒప్పుకుంటాను. కానీ దీన్నుంచి వచ్చే నీతి "అయితే వదిలెయ్యండి" అని కాదు. ఏ నీళ్ళు ఎలాంటి దోమని తయారుచేస్తాయో ముందుగా చెప్పలేనప్పుడు మంచి నీళ్ళు, చెడ్డ నీళ్ళు అని బేరాలాడకుండా నిలవ నీళ్ళన్నిటినీ పూర్తిగా లేకుండా చెయ్యడమే తెలివైన పని. అనిశ్చితి అరకొర పనికి సాకు కాదు, పూర్తి పనికి కారణం.

రెండో అభ్యంతరం: రోజుకి యాభై ఇళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్త చేతికి థర్మామీటరూ భూతద్దమూ ఇచ్చి పది కాలమ్స్ నింపమంటే కుదురుతుందా? కుదరదు. ప్రతి ఇంట్లోనూ అక్కర్లేదు కూడా. మనకి శాంపిల్ చాలు. అందులోనూ ఒక చిట్కా ఉంది. దోమ రెక్క పొడవు దాని సైజుకి మంచి గుర్తు. ఆ సైజు లార్వా దశలో ఖాయమైపోతుంది, తరవాత ఎంత రక్తం తాగినా రెక్క పెరగదు. అంటే ఎగిరే ప్రతి దోమా తన పుట్టింటి లాగ్ ఫైల్‌ని రెక్కల రూపంలో మోసుకు తిరుగుతోంది. సింగపూరు లాంటి చోట్ల పెద్ద దోమల్ని పట్టే బోనులు ఊరంతా పెట్టి లెక్క చూస్తున్నారు. పట్టిన దోమల్లో కొన్నింటి రెక్కలు కూడా కొలిస్తే ఏ వీధి దోమలు ఇరుకులో పెరుగుతున్నాయో, ఏ వీధివి బాగా బలిసి వస్తున్నాయో తెలుస్తుంది. ఫోను కెమెరాతో తీసిన ఫోటోనుంచి రెక్క కొలవడం మన వృత్తిలో ఉన్నవాళ్ళకి బ్రహ్మవిద్యేమీ కాదు. దోమల మీద ఇప్పటికే బోలెడు యాప్‌లున్నాయి. చాలావాటిలో ఉండేది ఫిర్యాదు పెట్టెలూ, మ్యాపు మీద ఎర్రచుక్కలూ. చుక్క పక్కన నాలుగు కాలమ్స్ కలపండి అంటున్నాను: పాత్ర ఏమిటి, నీడా ఎండా, కడిగి ఎన్నాళ్ళయింది, లార్వాలు కొన్నా చాలానా. దీనికి థర్మామీటరూ అక్కర్లేదు, భూతద్దమూ అక్కర్లేదు.

మూడోది: "మేం విదేశాల్లో ఉన్నాం, మాకెందుకు?" 2024లో ప్రపంచం మొత్తం మీద 1.4 కోట్లకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. అన్ని ఎప్పుడూ నమోదు కాలేదు. గల్ఫ్ ఎడారి కదా అనుకోవడానికి లేదు. జెడ్డాలో డెంగీ 1994నుంచీ ఉంది. 2024 ఏప్రిల్‌లో యూఏఈలో డెబ్భై అయిదేళ్ళ రికార్డుల్లో లేనంత వాన పడింది, ఆ తరవాత అక్కడా డెంగీ వార్తలకెక్కింది. మనం ఏటా వానాకాలం సెలవుల్లో ఇంటికెళ్ళి, జ్వరాల కాలం మధ్యలోంచి తిరిగి విమానమెక్కి వస్తాం. వైరస్‌కి వీసా అక్కర్లేదు, మన ఒంట్లోనే వస్తుంది. ఇక్కడ దిగాక దానికి కావలసింది ఒక్క దోమ. ఆ దోమకి కావలసింది ఒక్క బకెట్టు.

చివరిగా

నేను దోమల శాస్త్రజ్ఞుణ్ణి కాను. చదివింది కంప్యూటర్ సైన్సు, చేసేది కన్సల్టింగు. కానీ కొలిచేదొకటీ, ప్రమాదం ఇంకొకటీ అయినప్పుడు ఏమవుతుందో మన వృత్తిలో అందరికీ తెలుసు. డాష్‌బోర్డు మీద అన్నీ పచ్చగా ఉంటాయి, సిస్టమ్ మాత్రం పడిపోయి ఉంటుంది. మన ఊళ్ళలో పొగ ఎన్ని వీధుల్లో కొట్టారో లెక్క ఉంటుంది, ఎన్ని ఇళ్ళలో లార్వాలు దొరికాయో లెక్క ఉంటుంది. ఆ లార్వాలు ఎలాంటి దోమలవుతాయన్న లెక్క ఉండదు.

ఆ లెక్క వచ్చేదాకా మనం చెయ్యగలిగింది చిన్నదే. ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు "బాగున్నారా, భోంచేశారా" తరవాత ఇంకొక్క ప్రశ్న అడగండి: డ్రమ్ము ఎప్పుడు తోమారు? వారానికొకసారి, పూర్తిగా ఖాళీ చేసి, గోడలు పీచుతో రుద్ది. గుడ్డునుంచి దోమ కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి వారం అనే గడువు ఊరికే పెట్టింది కాదు. పెద్దవాళ్ళు డ్రమ్ము వంచలేరు. నెలకి కొంత ఇచ్చి ఒక మనిషిని పెట్టండి. మనం పంపే డబ్బులో ఇంతకంటే సద్వినియోగమయ్యేది నాకైతే కనిపించడం లేదు.

మా ఇంట్లో ఆ డ్రమ్ముకి ఇప్పుడు బిగుసుకునే మూత ఉంది. ఆదివారం ఆదివారం ఒక కుర్రాడొచ్చి తోముతాడు. తోమగానే నాన్నగారు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, రిలీజ్ నోట్సులాగా. ఇక్కడ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఏసీ బకెట్టుని ప్రతి శుక్రవారం నేనే కడుగుతున్నాను. తులసికి నీళ్ళు ఇప్పటికీ అవే. కాకపోతే ఏ రోజు నీళ్ళు ఆ రోజే.

మీ బాల్కనీలో ఏముందో ఒకసారి చూసి రండి.